పిల్లలకు శాస్త్రీయ పద్ధతిని నేర్పడం ఎట్లా?

"శాస్త్రీయ పద్ధతిలోని సోపానాలను పేర్కొనుము" అన్న ప్రశ్న మన విద్యార్థులకు కొత్తది కాదు. సమస్యను గుర్తించుట, సమాచారమును సేకరించుట, పరికల్పన చేయుట, ప్రయోగము జరుపుట, ఫలితములను విశ్లేషించుట, నిర్ధారణకు వచ్చుట అని వరుసగా వ్రాసిన వారికి పూర్తి మార్కులు లభిస్తాయి. అయితే అట్లా వ్రాసిన విద్యార్థి తన జీవితంలో ఒక్క విషయాన్నైనా తానుగా పరీక్షించి చూచి ఉండాలన్న నియమం ఏదీ లేదు. గట్టు మీద కూర్చొని ఈతను గురించి వ్యాసం వ్రాసిన వానికి ఈత వచ్చినట్లు యోగ్యతాపత్రం ఇవ్వడం వంటిదే ఇది.

ఆరవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు గల మూడేండ్ల కాలం ఈ విషయంలో మిక్కిలి కీలకమైనది. ఆ ప్రాయానికి పిల్లలకు కొలవడం, లెక్కించడం, పట్టిక గీయడం వచ్చి ఉంటాయి. పబ్లిక్ పరీక్షల భయం ఇంకా వారిని ఆవరించి ఉండదు. "ఎందుకు?" అని అడిగే చొరవ ఇంకా నశించి ఉండదు. 1976లో జరిగిన 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవతావాదాన్నీ, జిజ్ఞాసనూ, సంస్కరణాభిలాషనూ పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని పేర్కొన్నది. పౌరుడు పెద్దవాడైన పిదప ఆ దృక్పథం ఆకాశం నుండి ఊడిపడదు. దానికి బీజం ఈ మూడేండ్లలోనే పడాలి. ఆ బీజం ఎట్లా పడుతుందో కొన్ని ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తజ్రుబా

ఉర్దూ భాషలో ప్రయోగాన్ని "తజ్రుబా" అంటారు. అనుభవాన్ని కూడా అదే మాటతో చెబుతారు. తెలుగులో ఈ రెండింటికీ వేర్వేరు పదాలున్నాయి గనుక మనం వాటిని వేర్వేరు వస్తువులుగా భావిస్తాం. ప్రయోగం అంటే గాజు సీసాలు, బున్సెన్ దీపాలు, తాళం వేసిన అలమారలు గుర్తుకు వస్తాయి. కాని ప్రయోగమంటే మనం కోరి, ఏర్పాటు చేసుకొని, జాగ్రత్తగా పొందే అనుభవమే.

ఈ మార్గంలో నడిచిన తొలితరం మహనీయులలో హసన్ ఇబ్న్ అల్ హైతమ్ ముఖ్యుడు. సుమారు 965వ సంవత్సరంలో బస్రాలో జన్మించి, కైరో నగరంలో స్థిరపడిన ఈ పండితుడు "కితాబ్ అల్ మనాజిర్" అనే ఏడు భాగాల గ్రంథాన్ని కాంతిని గురించి రచించాడు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకడం వల్ల మనకు చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు ఆచార్యులు బోధించి ఉన్నారు. అంతటి వారు చెప్పినదే అయినా ఇబ్న్ అల్ హైతమ్ దానిని పరీక్షించక విడువలేదు. సూర్యుని వైపు చూస్తే కంటికి నొప్పి కలుగుతున్నది కదా, బయటి నుండి ఏదో కంటిలోకి వస్తున్నదనడానికి అది నిదర్శనం కాదా అని ఆయన ప్రశ్నించాడు. ఒక చీకటి గదికి చిన్న రంధ్రం ఏర్పరచి, దాని ఎదుట కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల ఉంచాడు. లోపలి గోడ మీద ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుగు మచ్చ కనిపించింది. ఒక దీపానికి అడ్డు పెట్టగానే దాని మచ్చ మాత్రమే మాయమైంది. కాంతి సరళరేఖలో పయనిస్తుందనీ, అనేక కాంతులు ఒకే రంధ్రం గుండా సాగినా ఒకదానితో ఒకటి కలిసిపోవనీ దీని వల్ల తేలింది.

రెండు కొవ్వొత్తులు, సూదితో రంధ్రం పొడిచిన ఒక అట్ట, తలుపులు మూసిన ఒక గది ఉంటే ఏడవ తరగతి బాలిక సైతం ఈ పరీక్షను చేయగలదు. వెయ్యేండ్ల నాటి మహాపండితుడు చూచినదానినే తానూ చూచానన్న ఆనందం ఆ బాలికకు ఏ పాఠ్యపుస్తకం వల్లా కలగదు.

ప్రశ్నకు పదును పెట్టడం

పిల్లలకు ప్రశ్నల కొరత లేదు. కాని ప్రతి ప్రశ్నా పరీక్షకు నిలిచేది కాదు. పరీక్షించడానికి వీలైన రూపంలోకి ప్రశ్నను మార్చడమే శాస్త్రీయ పద్ధతిలో మొదటి విద్య. వేసవిలో ప్రతి ఇంటా కనిపించే మట్టి కుండనే తీసుకుందాం. "కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అని ఒక పిల్లవాడు అడిగాడనుకోండి. "బాష్పీభవనం వల్ల" అని ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెబితే వానికి ఒక కొత్త పదం దొరుకుతుంది. ఆలోచన మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

అట్లా గాక "నీకేమనిపిస్తున్నది?" అని తిరిగి అడిగితే తరగతిలో నాలుగు జవాబులు లేస్తాయి. మట్టికి సహజంగానే చలువ గుణం ఉందని ఒకరు, కుండను నీడలో పెడతాం గనుక అని మరొకరు, కుండ చెమరుస్తుంది గనుక అని ఇంకొకరు అంటారు. ఇవన్నీ పరికల్పనలే. ఏదీ నవ్వదగినది కాదు. ఇప్పుడు ఉపాధ్యాయుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "నీ మాట నిజమైతే మనకు ఏమి కనిపించాలి?"

మట్టి గుణమే కారణమైతే కుండ బయటి ముఖాన నూనె రంగు పూసినా నీళ్లు చల్లబడాలి. చెమర్చడం కారణమైతే రంగు పూసిన కుండలో నీళ్లు అంతగా చల్లబడరాదు. ఒకే పరిమాణం గల రెండు కుండలు తెచ్చి, ఒకదానికి రంగు పూసి బాగా ఆరనిచ్చి, రెండింటిలో ఒకే బిందెలోని నీటిని సమానంగా పోసి, ఒకే నీడలో పక్కపక్కన ఉంచాలి. కొన్ని గంటల తరువాత ఉష్ణమాపకంతో చూడాలి. రంగు పూయని కుండలో నీరే చల్లగా ఉంటుంది. రెండూ ఒకే నీడలో ఉన్నవి గనుక నీడ వాదం వీగిపోతుంది. రెండూ మట్టివే గనుక చలువ గుణపు వాదమూ నిలువదు. ఈ దశలో "బాష్పీభవనం" అనే పదాన్ని చెప్పినట్లయితే అది విద్యార్థి తాను చూచినదానికి పెట్టుకున్న పేరు అవుతుంది.

ఒక్కసారికి ఒక్క మార్పు

పై పరీక్షలో ఒక సూత్రం ఇమిడి ఉన్నది. రెండు కుండలకు మధ్య తేడా రంగు ఒక్కటే. మిగిలినవన్నీ సమానం. దీనిని పిల్లలకు సూత్రంగా చెప్పి వల్లె వేయించడం కన్న లోలకం చేతికిచ్చి కనుగొననివ్వడం మేలు. దారం, రాయి, చేతి గడియారం ఉంటే చాలు. లోలకం ఊగే వేగం రాయి బరువు మీద ఆధారపడుతుందా, దారం పొడవు మీద ఆధారపడుతుందా అన్నది ప్రశ్న. బరువు మీదనే అని చాలామంది పిల్లలు ముందుగా ఊహిస్తారు.

నలుగురేసి జట్లుగా విడిపోయి, 25 సెంటీమీటర్ల లోలకాన్ని కొద్దిగా పక్కకు లాగి విడిచి, ఇరవై ఊపులకు పట్టే కాలాన్ని కొలవాలి. అటు పోయి తిరిగి ఇటు వస్తే ఒక ఊపు. ఒక ఊపును కొలిస్తే పొరపాటు పెద్దదవుతుంది గనుక ఇరవై ఊపులను కలిపి కొలుస్తాం. ఇరవై ఊపులకు సుమారు 20 సెకన్లు వస్తాయి. పొడవును నాలుగింతలు చేసి 100 సెంటీమీటర్లకు పెంచితే సుమారు 40 సెకన్లు వస్తాయి. పొడవు నాలుగింతలైతే కాలం రెండింతలే అయిందన్న వింతను పిల్లలు తమ పట్టికలోనే చూస్తారు.

ఇక్కడ ఒక చిక్కు తప్పక ఎదురవుతుంది. 25 సెంటీమీటర్ల దారానికి గోలీని కట్టిన జట్టుకు ఇరవై సెకన్లకు కాస్త పైన వస్తే, అంతే దారానికి పిడికిలంత రాయిని వేలాడగట్టిన జట్టుకు 22 సెకన్ల దరిదాపులో వస్తుంది. "బరువు వల్లనే తేడా వచ్చింది" అని ఆ జట్టు వాదిస్తుంది. అటువంటప్పుడు "మీ లెక్క తప్పు" అని ఉపాధ్యాయుడు కొట్టివేయరాదు. ఎందుకంటే వారి లెక్క తప్పు కాదు. రాయి పెద్దది కావడం వల్ల దాని మధ్యభాగం కిందికి జారింది. లోలకం పొడవును రాయి మధ్యభాగం వరకు కొలవాలి గనుక వారు తెలియకుండానే బరువుతో పాటు పొడవును కూడా మార్చారు. రాయి మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉండేటట్లు దారాన్ని సవరించి తిరిగి కొలిస్తే తేడా మాయమవుతుంది. రెండు అంశాలు ఒకేసారి మారితే ఏది కారణమో చెప్పలేమన్న సత్యం ఆ జట్టుకు మరపున పడదు.

రాని ఫలితాన్ని వ్రాయడం

ఇందులో నిజాయితీకి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఇదే లోలకంతో గురుత్వ త్వరణం విలువను కనుగొనే ప్రయోగం మాకు ఉండేది. రావలసిన విలువ 9.8 అని అందరికీ తెలుసు. నాకు వచ్చిన విలువ దానికి దూరంగా ఉంది. అప్పుడు నేను, నా మిత్రులు చేసినది ఏమనగా, 9.8 నుండి వెనుకకు లెక్క కట్టి, అందుకు తగిన కొలతలను రికార్డులో నింపడం. రికార్డు అందంగా ఉందని మెప్పు కూడా లభించింది. ఆనాడు నేను నేర్చుకున్నది భౌతికశాస్త్రం కాదు. కోరిన జవాబుకు తగిన సాక్ష్యాన్ని తయారు చేయడం. శాస్త్రీయ పద్ధతికి ఇంతకన్న విరుద్ధమైనది లేదు. ఈ పత్రికను చదివే విద్యార్థులలో ఎందరు ఇట్టి పని చేసి ఉంటారో వారి మనస్సాక్షికే తెలుసు.

రాని ఫలితానికి గల విలువను తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనవసరం లేదు. 1895లో సికింద్రాబాదుకు వచ్చిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియాకు, దోమకు గల సంబంధాన్ని వెదకడం ప్రారంభించాడు. రెండేండ్లకు పైగా సాగిన ఆ అన్వేషణలో ఆయన లెక్కలేనన్ని దోమలను కోసి సూక్ష్మదర్శినితో చూచాడు. వాటిలో మలేరియా క్రిమి పెరుగుతున్న జాడ కనిపించలేదు. కనిపించలేదనే ఆయన వ్రాసుకున్నాడు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలు గల మరొక జాతి దోమలు లభించాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆగస్టు 20వ తేదీన అట్టి ఒక దోమ జీర్ణాశయపు గోడలో ఆయనకు మలేరియా క్రిమి దశ కనిపించింది. మానవ మలేరియా క్రిమి అనాఫలిస్ జాతి దోమలలో మాత్రమే పెరుగుతుంది గనుకనే అంతకు ముందు ఇతర జాతులలో కనిపించలేదని మనకు నేడు తెలుసు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, దోమకాటు ద్వారానే వ్యాధి వ్యాపించే తీరును ఆయన నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి లభించింది.

రాస్ మొదటి రెండేండ్లలో "రావలసిన" ఫలితాన్ని ఊహించి వ్రాసుకొని ఉంటే ఏమయ్యేది? అసలైన దోమ ఎప్పటికీ పట్టుబడేది కాదు. ఆయన పనిచేసిన భవనం నేటికీ బేగంపేటలో ఉంది. ఆ నగరంలో చదివే పిల్లలకు ఇంతకన్న దగ్గరి పాఠం ఏముంటుంది?

పుస్తకానికి కూడా పరీక్ష

పిల్లలు పరీక్షకు పెట్టవలసినవి తమ ఊహలనే కాదు. పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని కూడా పరీక్షించే ధైర్యం వారికి రావాలి. నీరు పోసిన పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజు గ్లాసును బోర్లించే ప్రయోగం మనకు చిరపరిచితం. కొవ్వొత్తి ఆరిపోతుంది. గ్లాసులో నీరు పైకి ఎక్కుతుంది. గాలిలో అయిదవ వంతు ఉన్న ఆక్సిజన్ మండి ఖర్చయిపోవడం వల్ల ఆ చోటును నీరు ఆక్రమించిందని చాలా పుస్తకాలు వివరించాయి.

ఈ వివరణను ఎట్లా పరీక్షించాలి? అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టి చూడాలి. గ్లాసులో ఆక్సిజన్ మొదటి అంతే గనుక పుస్తకం చెప్పినది నిజమైతే నీరు అంతే ఎత్తుకు ఎక్కాలి. కాని మూడు కొవ్వొత్తులతో నీరు మరింత ఎత్తుకు ఎక్కుతుంది. పైగా మంట వెలుగుతున్నంతసేపు నీరు అంతగా కదలదు. ఆరిన తరువాతనే గబగబా ఎక్కుతుంది. అసలు కారణం వేడి. మంట వల్ల గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. కొన్నిసార్లు గ్లాసు అంచు నుండి బుడగలు పోవడం కంటికి కనిపిస్తుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, నీరు పైకి వస్తుంది. కొవ్వొత్తి ఆరిపోయేనాటికి లోపలి ఆక్సిజన్ అంతా ఖర్చయిపోదు, చాలా భాగం మిగిలే ఉంటుంది.

ముద్రితమైన వాక్యాన్ని రెండు అదనపు కొవ్వొత్తులతో తాను ప్రశ్నించగలిగానన్న ఎరుక కలిగిన పిల్లవాడు రేపు వదంతిని, ప్రకటనను, మోసగాని మాటను కూడా అదే కంటితో చూస్తాడు. పెద్దలను ధిక్కరించమని చెప్పడం కాదిది. టాలెమీ గ్రంథాలను శ్రద్ధగా చదివిన ఇబ్న్ అల్ హైతమే "టాలెమీపై సందేహాలు" అనే అర్థం వచ్చే పేరుతో మరొక గ్రంథం వ్రాశాడు. గౌరవానికి, సందేహానికి వైరం లేదు.

హోషంగాబాద్ అనుభవం

ఇవన్నీ మాటలకు బాగానే ఉంటాయి గాని, అరవై మంది పిల్లలు, ప్రయోగశాల లేని పాఠశాల, పూర్తి చేయవలసిన సిలబస్ ఉన్నచోట ఇది సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి మన దేశంలోనే ఒక సమాధానం ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అనగా నేటి నర్మదాపురం జిల్లాలో, 1972లో పదహారు గ్రామీణ మిడిల్ స్కూళ్లలో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రారంభమైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో దీనిని చేపట్టాయి. విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు వచ్చి గ్రామీణ ఉపాధ్యాయులతో కూర్చొని పాఠాలను రూపొందించారు. 1978లో ఇది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యతను స్వీకరించింది.

"బాల వైజ్ఞానిక్" అనే వారి పుస్తకం జవాబులను చెప్పేది కాదు, చేయవలసిన పనులను, వేసుకోవలసిన ప్రశ్నలను ఇచ్చేది. పిల్లలు జట్లుగా చేసి, చర్చించి, తమ జవాబులను తామే వ్రాసుకునేవారు. ఖరీదైన పరికరాలకు బదులు చవకగా దొరికే సామగ్రిని వాడేవారు. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు ఉత్తరాలు వ్రాసి తమ సందేహాలను అడిగేవారు. అన్నిటికన్న ముఖ్యం పరీక్షలో వచ్చిన మార్పు. పుస్తకం దగ్గర పెట్టుకొనే వ్రాయవచ్చు. దానితో పాటు చేతితో చేసి చూపే పరీక్ష కూడా ఉండేది. ముప్ఫయి ఏండ్లు నడిచిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. నిలిచిపోయిన మాట నిజమే. కాని పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలలో ఇది అసాధ్యమన్న మాట నిజం కాదని ఆ ముప్ఫయి ఏండ్లు నిరూపించాయి.

భాష, గురువు

హోషంగాబాద్ పిల్లలు ప్రశ్నించినది తమకు వచ్చిన భాషలో. ఇది చిన్న విషయం కాదు. 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు దారుత్తర్జుమా పండితులు శాస్త్రగ్రంథాలను అనువదించి పారిభాషిక పదాలను నిర్మించారు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ తెలుగులో ఉన్నత విద్యకు అదే సేవ చేసింది. పిల్లల మాధ్యమం ఏదైనా కానివ్వండి, "నాకు ఇట్లా అనిపిస్తున్నది" అని పరికల్పనను చెప్పే మొదటి మాట ఇంటి భాషలోనే వస్తుంది. ఆ మాటను తప్పు ఇంగ్లీషు అని అణచివేసిన తరగతిలో ప్రయోగం మొదలు కాకముందే ముగిసినట్లు.

ఇక ఉపాధ్యాయుని నుండి ఈ పద్ధతి కోరేది పాండిత్యం కన్న ముందు ఒక వాక్యం: "నాకు తెలియదు, చూద్దాం." ఆ మాట అనడానికి సిగ్గుపడని గురువు దగ్గర పిల్లలు తమ అజ్ఞానాన్ని దాచుకోరు. ఆ గురువు సంవత్సరానికి పది ప్రయోగాలు చేయించలేకపోవచ్చు. రెండు చేయించినా చాలు. కాని ఆ రెండింటిలో వచ్చిన ఫలితాన్ని వచ్చినట్లే వ్రాయనివ్వాలి, తప్పిన ఊహకు మార్కులు తగ్గించరాదు, వేరే ఫలితం వచ్చిన జట్టును నిలబెట్టి ఎందుకు వచ్చిందో తరగతి మొత్తం చేత వెదికించాలి.

మన కళాశాల విద్యార్థులలో చాలామంది రేపు ఉపాధ్యాయులు అవుతారు. కానివారికి కూడా ఇంట్లో ఆరో, ఏడో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉండనే ఉంటారు. ఈ సాయంత్రమే ఒక దారానికి రాయి కట్టి వారి చేతికివ్వండి. జవాబు మాత్రం ముందుగా చెప్పకండి.